ఎడం చేతి పలకరింపు

ముందే చెప్పేస్తున్నాను, నాకు దయ్యాల కథలంటే ఒళ్ళు మంట. ముప్పై ఏళ్ళు తెనాలిలో పిల్లలకి సైన్సు చెప్పినదాన్ని. హాస్టల్ వెనక ఎవరో తెల్లచీర కట్టుకుని తిరుగుతోందని ఒకసారి ఆడపిల్లలు ఏడ్చి గోల చేస్తే, అది దండెం మీద ఆరేసిన దుప్పటి అని చూపించి, ఏడ్చిన వాళ్ళ చేతే దాన్ని మడతపెట్టించాను. మా ఇంట్లో ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ బడి. ఇలాంటి వాటికి మధ్యలో చోటు లేదు. ఇప్పటికీ లేదనే వాదిస్తాను. కాకపోతే ఒక్క సంగతికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. అది జరిగింది జరిగినట్టు రాస్తాను. నన్ను తిట్టుకుంటే తిట్టుకోండి.

తొంభైల మొదట్లో బాపట్ల దగ్గర, సముద్రం పక్కన సరుగుడు తోపులో అంతర్జాతీయ స్కౌట్ క్యాంపు పెట్టాలని నిర్ణయమైంది. ఆరు దేశాల నుంచి నలభై రెండు మంది ఆడామగా వస్తారు, ఐదు రోజులుంటారు. అప్పటికి నేను మా స్కూల్లో గైడ్ కెప్టెన్ని, అంటే ఆడపిల్లల స్కౌట్ దళానికి పెద్దని. ఏర్పాట్లన్నీ నా నెత్తిన పడ్డాయి. పడ్డాయంటున్నాను గాని నేనే లాక్కున్నాను. ఇంకొకరికి అప్పజెబితే పాడుచేస్తారని నా గట్టి నమ్మకం.

రెండు నెలలు అదే లోకం. పొద్దున ముళ్ళు వేయడం, తాళ్ళ వంతెన కట్టడం, సాయంత్రం ఆటలు, పాటలు. టిఫిన్ ఇడ్లీ, చట్నీలో కారం వద్దు. మధ్యాహ్నం పప్పు, కూర, పెరుగు, అరటిపండు. మూడో రోజు పేరాల ఊళ్ళో నేత మగ్గాలు చూపించడం. నాలుగో రోజు రేపల్లె తీసుకెళ్ళి, అక్కడ రేవులో పంటు, అంటే పెద్ద బల్లకట్టు, ఎక్కించి కృష్ణలో తిప్పడం. గోడకి పెద్ద కాగితం అతికించి గంట గంటకీ ఏం జరగాలో రాసుకున్నాను. ఆ కాగితం మీద వేరే వాళ్ళు పెన్ను పెడితే ఊరుకునేదాన్ని కాదు.

నాకు సాయంగా సువార్త ఉండేది. రేపల్లె అమ్మాయి, మా స్కూల్లో కుట్లు అల్లికలు నేర్పే టీచరు. ఇరవై ఆరేళ్ళుంటాయి. పొడుగ్గా, సన్నగా ఉండేది. ఆమెది పుర్రచేతి వాటం. అన్నం తినడం తప్ప రాయడం, కుట్టడం, తలుపు తీయడం, అన్నీ ఎడం చేత్తోనే. వాచీ కుడి చేతికి పెట్టుకునేది. చిన్నప్పుడు ఆ అలవాటు మానిపించాలని వాళ్ళమ్మ గరిటె కాల్చి ఎడం మణికట్టు మీద వాత పెట్టింది. రూపాయి బిళ్ళంత మచ్చ. దాన్ని జాకెట్టు చేతి అంచు కింద దాచుకోవాలని చూసేది గాని, అంత పొడుగు చేతుల జాకెట్లు ఎండాకాలం ఎవరు వేసుకుంటారు?

స్కౌట్లకి ఒక పద్ధతి ఉంది. ఏ దేశంలో కలుసుకున్నా ఎడం చేతులే కలుపుతారు. మన వైపు ఎడం చేత్తో పువ్విచ్చినా తీసుకోరు కదా, అందుకని పిల్లలకి ఇది నేర్పడానికి నా తల ప్రాణం తోకకొచ్చేది. సువార్తకి మాత్రం చెప్పిన నిమిషంలో వచ్చేసింది.

"ఎస్తేరక్కా, బుద్ధెరిగాక నా చెయ్యి కరెక్టే అన్న చోటు ఇదొక్కటేనక్కా," అంది. నవ్వుతూనే అంది, కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

వచ్చినవాళ్ళకి స్వాగతం చెప్పడానికి పద్దెనిమిది మందిని వరసలో నిలబెట్టాలని అనుకున్నాం. నేను మొదట. సువార్త చివర నిలబడతానని అడిగి మరీ ఆ చోటు తీసుకుంది. చివరి చెయ్యి అయితే గుర్తుంటుందని ఆమె ఆలోచన. రేపల్లె ప్రయాణం కూడా ఆమె ఆలోచనే. వాళ్ళమ్మ మార్తమ్మగారు ఆ దొరలకి మజ్జిగ ఇస్తానని మాటిచ్చింది. తనతో వాళ్ళు ఎడం చెయ్యి కలపడం అమ్మ ఒక్కసారి చూడాలని సువార్త కోరిక. మనిషికి అంతకంటే చిన్న కోరిక ఉండదు.

క్యాంపు కమిటీ ప్రెసిడెంటు పొన్నూరులో రైసుమిల్లు ఉన్న ఒక పెద్దమనిషి. బియ్యం ఆయనవి, బస్సులు ఆయన మాట మీద వచ్చేవి. డిసెంబరులో ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా మా స్కూలు హాల్లోకి వచ్చాడు. ఆ సమయంలో హాల్లో ఉన్నది నేనూ, సువార్తా, అంతే. ఆమె కొత్త స్కార్ఫ్ మెడకి కట్టి చూసుకుంటోంది. ఆయన్ని చూడగానే సంబరంగా ఎదురెళ్ళి ఎడం చెయ్యి చాపింది.

ఆయన వెనక్కి తగ్గాడు. "ఏంటమ్మా ఇది? ఎడం చెయ్యిస్తావేంటి? నీ కంటికి నేనెలా కనపడుతున్నా?"

ఇది స్కౌట్ల పద్ధతండి, అని ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ పద్ధతి ఆ పిల్లకి నేర్పింది నేను. మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆయన ముఖం కందగడ్డలా ఉంది, గోడ మీద నా కాగితం ఉంది.

"ఆ పిల్లది పుర్రచేతి వాటమండి. ఎంత చెప్పినా ఒళ్ళు తెలీదు," అన్నాను.

సువార్త నా వైపు చూసింది. ఆ చూపుకి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. తప్పు చేసినవాళ్ళకి అలాంటప్పుడే కోపం ఎక్కువొస్తుంది. సార్‌కి క్షమాపణ చెప్పమన్నాను. "తప్పయిందండి," అని గొణిగింది. వినపడలేదు, గట్టిగా చెప్పమన్నాను. చెప్పింది. ఇంకా గట్టిగా అన్నాను. మూడోసారి హాలంతా వినపడేలా చెప్పింది. ఆయన మొదటిసారికే సరేలే అన్నట్టు చెయ్యి ఊపాడు. మూడుసార్లు చెప్పించింది నేను.

ఆయన వెళ్ళాక వరసలోంచి ఆమె పేరు తీసేశాను. పోనీ వంట దగ్గర ఉంటానంది. ఆ చేత్తో వడ్డిస్తే మళ్ళీ గొడవవుతుంది, అక్కడ కూడా వద్దన్నాను. సెలవు పెట్టి రేపల్లె వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా పచ్చకామెర్లని తెలిసింది.

చూడ్డానికి వెళ్ళలేదు. నాకు మెనూ తేలలేదు, టెంట్లవాడు దొరకలేదు. పైగా నేనొక పని చేశాను, అది కూడా రాయాలి. పేరాల నుంచి నేయించి తెచ్చిన స్కార్ఫులు లెక్కకి సరిపోను ఉన్నాయి, ఒక్కటి కూడా ఎక్కువ లేదు. సువార్త బదులు వరస చివర మా లైబ్రరీ మేడమ్‌ని పెట్టాను. ఆవిడకి స్కార్ఫ్ కావాలి. రేపల్లె నుంచి రైల్లో వచ్చే ఒక పిల్లతో, సువార్త టీచర్ని అడిగి స్కార్ఫ్ పట్టుకురమ్మని కబురు పంపాను. మర్నాడే వచ్చింది. ఉతికి, ఇస్త్రీ చేసి, న్యూస్‌పేపర్లో చుట్టి ఉంది. నాలుగు రోజులకి సువార్త పోయింది. సమాధి కార్యక్రమానికి వెళ్ళి వెనక నిలబడి, టెంట్లవాడు వస్తానన్నాడని నాలుగు గంటల బస్సుకి తిరిగొచ్చేశాను.

జనవరిలో క్యాంపు మొదలైంది. పొద్దున పదింటికి బస్సులొచ్చాయి. చక్కటి ఎండ, పక్కన సముద్రం. వరసలో నాతో కలిపి పద్దెనిమిది మంది, నేను రెండుసార్లు లెక్కపెట్టాను. ప్రెసిడెంటు గారు సాయంత్రం గాని రాలేదు. అందరి చేతులూ కలపడం అయింది, టెంట్లు చూపించాం, భోజనాలకి పిలిచాం.

అప్పుడు మా వంటమనిషి మస్తాన్ బాబాయి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏంటి టీచరమ్మా, ఈ దొరలు ఒక్కొక్కళ్ళూ నా ఎడం చెయ్యి పట్టుకుని తప్పయిందండి, తప్పయిందండి అంటున్నారు? కూర గాని బాగోలేదా?"

నాకు నవ్వొచ్చింది. ఎవరో కొంటె పిల్ల నేర్పి ఉంటుందనుకున్నాను. ఈలోపు మలేషియా నుంచి వచ్చిన ఒక అమ్మాయి నా ముందుకొచ్చి ఎడం చెయ్యి చాపింది. "తప్పయిందండి," అని మెల్లగా అంది. తర్వాత కొంచెం గట్టిగా. మూడోసారి భోజనాల పాక అంతా వినపడేలా. అని, బాగా పలికానా అన్నట్టు నవ్వింది.

శ్రీలంక నుంచి వచ్చిన బృందానికి నా వయసావిడే లీడరు. ఇంగ్లీషు బాగా వచ్చు. ఈ మాట ఎవరు చెప్పారని అడిగాను. వరస చివర నిలబడ్డావిడ చెప్పిందంది. మూడుసార్లు పలికి చూపించిందట, ఒకసారికంటే ఒకసారి గట్టిగా. మీ ఊరి పలకరింపు అదే అనుకున్నామంది. ఎలా ఉందావిడ అని అడిగాను. పొడుగ్గా, సన్నగా ఉంది, వాచీ కుడిచేతికి ఉంది, చెయ్యి కలిపినప్పుడు మణికట్టు మీద గుండ్రటి మచ్చ కనపడింది, అని చెప్పింది. ఆ తర్వాత తనే నన్నడిగింది, మీ అందరి మెడలోనూ స్కార్ఫ్ ఉంది, పాపం ఆవిడకి ఇవ్వలేదేం, అని.

లైబ్రరీ మేడమ్‌ని పక్కకి పిలిచాను. నా తర్వాత ఎవరూ లేరు మేడమ్ అంది. కాకపోతే వాళ్ళంతా తన చెయ్యి వదిలాక రెండడుగులు వేసి మళ్ళీ ఆగారని, సముద్రం చూస్తున్నారేమో అనుకున్నానని చెప్పింది.

హాల్లో జరిగింది తెలిసినవాళ్ళలో మిగిలింది నేనూ, ప్రెసిడెంటూ. ఆయనకి అది గుర్తు కూడా లేదని సాయంత్రం మాటల్లో తేలిపోయింది. చచ్చిపోయేముందు సువార్త ఎవరితోనైనా చెప్పిందేమో అనుకున్నాను. చెప్పినా, ఆ మచ్చ ఎవరు తేగలరు?

అది పలకరింపు కాదు, నమస్కారమండి అనాలి, అని అందరికీ నేర్పాను. బుద్ధిగా నేర్చుకున్నారు. నేర్చుకుని, నమస్కారమండి అన్నాక అది కూడా అనేవారు. దాని అర్థం చెబితే మానేసేవారు, నాకూ తెలుసు. అర్థం చెబితే ఆవిడ అలా ఎందుకందని అడుగుతారు. అందుకని చెప్పలేదు. పేరాలలో మగ్గం ముందు కూర్చున్న ముసలాయనకీ, బస్సు డ్రైవరుకీ, అరటిపళ్ళ మనిషికీ, అందరికీ ఎడం చెయ్యిచ్చి తప్పయిందండి అన్నారు. నేను పక్కనే నిలబడి నవ్వు ముఖం పెట్టుకుని విన్నాను.

నాలుగో రోజు రేపల్లె. అది మానిపించాలని చాలా చూశాను, కుదరలేదు. చర్చి ఆవరణలో వేపచెట్టు నీడన మార్తమ్మగారు మజ్జిగ కుండతో నిలబడి ఉంది. కూతురు పోయి నెల తిరగలేదు. ఇచ్చిన మాట కోసం వచ్చింది. తెల్లచీర కట్టుకుంది, మనిషి సగమైంది.

గ్లాసులు కుడిచేత్తో అందిస్తోంది. వాళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, ఒక్కొక్కరూ ఆవిడ ఎడం చెయ్యి పట్టుకున్నారు. తప్పయిందండి. తప్పయిందండి. తప్పయిందండి. నలభై రెండు మంది. ఆవిడ ముందు సిగ్గుపడింది, తర్వాత బెదిరింది, చివరికి చెయ్యి వాళ్ళకి వదిలేసి ఊరికే నిలబడిపోయింది.

అందరూ బస్సెక్కాక నా దగ్గరకొచ్చింది. "ఏంటి టీచరమ్మా, వీళ్ళు తప్పయిందంటారేంటి? ఈ బిడ్డలు నాకేం చేశారని?"

"భాష రాదు కదండీ పిన్నిగారూ, నమస్కారం అనుకుంటున్నారు," అన్నాను.

ఆవిడ తన ఎడం చేతిని కాసేపు చూసుకుంది. "వాత పెట్టింది నేను. ఆ మాట నేను దానికి చెప్పాల్సింది, చెప్పేలోపే పోయింది," అని ఏడ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుని నా రెండు చేతులూ పట్టుకుంది. "మీ దగ్గర చేరాకే నా బిడ్డ ఆ చెయ్యి దాచుకోవడం మానేసిందమ్మా. జ్వరంలో కూడా అదే మాట. అక్కడ నా చేతినెవరూ ఏమీ అనరమ్మా, ఎస్తేరక్క అననివ్వదు, అనేది. నిజమే కదమ్మా? అదొక్కటే నాకు తృప్తి."

జరిగింది తల్లికి చెప్పుకోలేదన్నమాట. నేను తన పక్షాన నిలబడ్డానని చెప్పుకుంది.

"అవునండి పిన్నిగారూ," అన్నాను. "ఎవరూ ఏమీ అనలేదు."

ఆవిడ కుండ అడుగున మిగిలిన మజ్జిగ గ్లాసులో పోసి ఇచ్చింది. తాగి బస్సెక్కాను.

ఆ నలభై రెండు మందికి ఆ మాట ఎవరు నేర్పారో నాకు ఇప్పటికీ తెలియదు. సైన్సు ప్రకారం ఆలోచించాను, ప్రార్థనలో అడిగాను, ఏదీ తెగలేదు. దయ్యమని మాత్రం నేననను. మార్తమ్మగారు ఆ తర్వాత ఇంకో ఆరేళ్ళు బతికింది. ప్రతి క్రిస్మస్‌కీ ఎవరో ఒకరి చేత తెనాలికి నాకు అరిసెలు పంపేది. తిని, డబ్బా కడిగి, తిప్పి పంపేదాన్ని.