మా బావ రష్యా బండి

మా బావ దొరసామికి ఒక గుణం ఉంది. పాత ఇనుము కనిపిస్తే అన్నం మాట మరిచిపోతాడు. మా అక్క గౌరమ్మను చూడటానికి పెళ్లిచూపులకు వచ్చిన రోజు కూడా ఆయన కళ్లు మా వాకిట్లో పడి ఉన్న లారీ కమాను పట్టీ మీదే ఉన్నాయని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన కాదనడు. మంచి పట్టీ అది, అంటాడు.

తమిళనాడు ధర్మపురి జిల్లా నల్లంపల్లిలో హైవే పక్కన ఆయన షెడ్డు. ముప్పై ఏళ్లకు పైగా అక్కడ లారీలకు బాడీలు కట్టాడు. అప్పట్లో కంపెనీ నుంచి ఇంజనూ చాసిసీ మాత్రమే వచ్చేవి. క్యాబిన్ మొదలుకొని అడుగు రేకు, పక్క పలకలు, వెనకాల రంగు చిలకల దాకా మిగతాదంతా మా బావ చేతుల్లోంచే రావాలి. పక్కనే నాది లారీ బుకింగ్ ఆఫీసు కాబట్టి అన్నీ నా కళ్లముందే జరిగాయి. తర్వాత కంపెనీలే బాడీలు కట్టి పంపడం మొదలుపెట్టాయి. షెడ్డులో పని రానురాను తగ్గిపోయింది. హోసూరులో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉద్యోగం ఉందని నేనే చెప్పాను. గేటు తీయడానికీ మూయడానికీ మనిషెందుకు, ఒక స్ప్రింగు చాలదా అని నన్నే తిట్టాడు.

అలాంటి రోజుల్లో ఇరుసు ఇనుము కోసం పాత సామాన్ల యార్డుకు పోయినవాడు దాన్ని చూశాడు. సైన్యం వేలంలో వదిలించుకున్న బండి. తుపాకీ ఊడదీసేశారు. నాలుగు పెద్ద చక్రాల మీద ముందు కోసుగా ఉన్న ఇనుప పెట్టె. లోపలికి పోవాలంటే పైకెక్కి మూతలు తీసుకుని దిగాలి. వెనకాల నీళ్లు చిమ్మే గొట్టం, దాంట్లో తుప్పు పట్టిన పంకా. రష్యావాళ్లు చేసిందనీ, నేల మీదా నడుస్తుంది, నీళ్లలోనూ పోతుందనీ యార్డువాడు చెప్పాడట. ఆ రెండో ముక్కకు మా బావ పడిపోయాడు. ఇంట్లో ఒక్క మాటైనా అనకుండా ట్రెయిలర్ మీద వేయించుకొచ్చి షెడ్డులో దించాడు.

షెడ్డు నిండిపోయింది. ఇంకో లారీ వచ్చినా పెట్టడానికి చోటు లేదు. మా అక్క దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి గడప మీద కూర్చుంది. ఆమెకు కోపం కన్నా భయం ఎక్కువైంది. వాళ్లకున్నది ఆ షెడ్డు ఒక్కటే. ఉన్న కొద్ది పనీ ఈ బండి మింగేస్తే, ఆ ఫ్యాక్టరీ గేటే గతి. మా అక్క పెళ్లినాటి నుంచి మొగుణ్ణి మామా అనే పిలుస్తుంది. ఆ రోజు కూడా గొంతు పెంచలేదు.

"నీల్లలో పోతాదనే గదా తెచ్చినావు మామా. పోతే వుండనీ. మునిగితే మాత్రం నీ చేత్తోనే గ్యాసు పెట్టి కోసి, తూకానికి వేసెయ్యల్ల. సరేనా?"

"మునిగితే కోసేస్తా," అన్నాడు బావ.

ఆ తర్వాత రెండేళ్లు మా బావ దాని కడుపులోనే కాపురం ఉన్నాడని చెప్పాలి. పెట్రోలు తాగే పాత ఇంజను తీసేసి లారీ డీజిల్ ఇంజను ఎక్కించాడు. పొట్ట కింద గుంతలు దాటడానికి నాలుగు చిన్న చక్రాలు ఉండేవి. అవి తుప్పుకు పోయాయని తీసేసి, ఆ చోట కొత్త అడుగు రేకు వేసి అతికాడు. పంకా సేలంలో కొత్తగా పోత పోయించాడు. లోపల మీటల మీదంతా రష్యా అక్షరాలు. ఇంట్లో మాట్లాడే తెలుగే చదవడం రాని మా బావకు రష్యా అక్షరాలు రాకపోవడం పెద్ద లోటుగా తోచలేదు. ఒక్కో మీటా లాగి చూసి, ఏది దేనికో కనుక్కుని, నీళ్ల పంకా మీట మీద చేప బొమ్మ, చక్రాల మీట మీద టైరు బొమ్మ వేసుకున్నాడు. చెయ్యి ఊరుకోక బండి వెనకాల ఒక చిలకను కూడా వేశాడు.

బండి నడిచింది. అద్దెకు ఇవ్వడం మొదలైంది. రోడ్డు మీద తిప్పడానికి దానికి నంబరు లేదు కాబట్టి ఎక్కడికి పోయినా నేనే ట్రెయిలర్ మాట్లాడాలి. నేలా నీళ్లూ రెండూ దాటే బండి, లారీ ఎక్కితే తప్ప నల్లంపల్లి దాటదు. సినిమావాళ్లు పిలిచి శత్రువుల బండి అన్నారు. చిలక మీద బురద పూశారు. హీరో అరచెయ్యి అడ్డం పెడితే బండి ఆగిపోవాలన్నారు. మొదటిసారి మా బావ ఆపలేదు. హీరోయే పక్కకు దూకాడు. తర్వాత ధర్మపురిలో ఒక జవుళి కొట్టు ప్రారంభానికి పోయింది, రెండు మూడు పెళ్లి ఊరేగింపులకు పోయింది. ఎక్కడికి పోయినా జనం అడిగేది ఒకటే, ఇది నీళ్లలో పోతుందా అని. భేషుగ్గా పోతుంది అనేవాడు మా బావ.

పోతుందో లేదో ఆయనకే తెలియదు. ఏడాదిగా బండిని చెరువు చాయలకు పోనివ్వలేదు. ఎండాకాలం నీళ్లు చాలవన్నాడు. వాన పడితే ఒడ్డు మెత్తబడిందన్నాడు. మన ఆషాఢంలాంటి ఆడి మాసం మంచిది కాదన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆఖరికి చెరువులో బురద రకం బాగా లేదని కూడా అన్నాడు. నాకు నవ్వొచ్చేది గానీ పైకి నవ్వలేదు. మునిగితే కోయాలి. ఆ మాట ఆయన మరిచిపోలేదని, రోజూ పొద్దున బండి మీద చెయ్యి వేసి నిలబడే తీరు చూస్తేనే తెలిసేది.

ఏరియూరు పెళ్లికొడుకు గుణశేఖరన్ వచ్చేదాకా అలాగే గడిచింది. వాళ్ల ఇంటికీ పెళ్లి మంటపానికీ మధ్య చెరువు ఉంది. సంక్రాంతితో వచ్చే తై నెలలో పెళ్లి. పెళ్లికూతుర్ని ఆ బండిలో చెరువు దాటించి తీసుకుపోవాలని అతని ముచ్చట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు మా బావ వెంటనే భేషుగ్గా అనేశాడు. టీ గ్లాసులు పట్టుకుని వెనకే వచ్చిన మా అక్క, అయితే ముందు మమ్మల్ని దాటించి చూపించమని, ఈ ఆదివారమే అని ముహూర్తం పెట్టేసింది. పెళ్లికొడుకు ఎదుట మా బావ కాదనలేకపోయాడు.

ఆదివారం ఏరియూరు చెరువు వానలకు నిండుగా ఉంది. పంచాయతీ ఒప్పుకుంది. ఎందుకైనా మంచిదని హొగేనక్కల్ నుంచి చిన్నప్పన్‌ను పరిసల్‌తో సహా పిలిపించాను. నలభై ఏళ్లుగా కావేరిలో ఆ గుండ్రటి పుట్టి నడిపిన మనిషి. ఇంత ఇనుము తేలితే తన పరిసల్‌కు రెక్కలు రావాలి అని తమిళంలో ఒక మాట విసిరి, తెడ్డు పట్టుకుని పక్కన సిద్ధంగా ఉన్నాడు. లారీ ట్యూబులు గాలి కొట్టి మూడు తెచ్చాను. మా అక్క గుమ్మడికాయ కొట్టించి, కర్పూరం వెలిగించి, చీర కొంగు నడుముకు దోపుకుని బండి ఎక్కింది. నువ్వెందుకు అని బావ అడ్డం పడితే, మునిగినప్పుడు చూసినవాళ్లు లేకపోతే నాలుగు సాకులు చెబుతావంది. సాక్షికి ఇంకొకరు కావాలని నన్నూ ఎక్కించింది. నాకు ఈత రాదు.

నీళ్లు పైకి ఎక్కకుండా బండి ముందుండే పలకను లేపి, బావ మెల్లగా నీళ్లలోకి వదిలాడు. ముక్కు ముందుకు వంగింది. అంతలో చక్రాలకు నేల అందకుండా పోయింది, బండి ఒకసారి ఊగి నిలబడింది. తేలుతోంది. ఒడ్డున ఊరంతా ఈల వేసింది. బావ చేప బొమ్మ మీట లాగాడు. వెనక నీళ్లు బుసబుసా చిమ్మాయి, మేము ముందుకు కదిలాం. మా బావ ముఖం అంత వెలిగిపోవడం నేను ఆయన పెళ్లిలో కూడా చూడలేదు.

చెరువు సగానికి ఇంకా రాలేదు, మా అక్క కాళ్లు పైకి లాక్కుంది. లోపల నీళ్లు. చూస్తూ ఉండగానే చీలమండల దాకా వచ్చాయి. బావ వెనక్కి తిరిగి చూశాడు. అతుకు విడిపోయిందనుకున్నాడు, పొట్ట చీలిందనుకున్నాడు. ఏమనుకున్నా ఒకటే. ఆయన ముఖంలో రక్తం లేదు. నాకు ఆయన మీద ఎంత జాలి వేసిందంటే, ఈత రాని సంగతి కూడా కాసేపు మరిచిపోయాను.

"ఐపోయింది గౌరమ్మా," అన్నాడు. "మాటంటే మాటే. రేపే కోసేస్తా."

మా అక్క ఫోను లైటు వేసి నా చేతికిచ్చి, వంగి, నీళ్లలో చెయ్యి పెట్టి అడుగు రేకంతా తడిమింది. ఒక చోట ఆగింది. ఇంకాస్త జరిగి మళ్లీ ఆగింది. నాలుగు మూలలా నాలుగు తూట్లు, గుండ్రంగా, అంచులు కూడా అరగదీసి నున్నగా ఉన్నాయి.

"మామా, ఈ తూట్లు రష్యావాల్లు వేసినవా, నువ్వు వేసినవా?"

బావకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. లారీ బాడీ కట్టేవాడు అడుగు రేకు వేశాక చేసే మొదటి పని, వాన నీళ్లు కారిపోవడానికి మూలల్లో తూట్లు వేయడం. నీళ్లు నిలిచిన చోట తుప్పు, తుప్పు పట్టిన చోట చెడ్డపేరు అని ఆయన గురువు నెత్తిన మొట్టి నేర్పాడట. కొత్త రేకు అతికిన రోజు, బండి ఏ పనికోసమో మనసుకు గుర్తున్నా చేతికి గుర్తులేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. తర్వాత ఎన్నిసార్లు ఆ రేకు మీద మోకాళ్లేసినా ఆ తూట్లు ఆయన కంటపడలేదు. ఆయన కంటికి అవి లేని రేకే వింతగా తోచేది.

"నేనే," అన్నాడు. "చెయ్యి వేసేసినాది."

మా అక్క నవ్వడం మొదలుపెట్టింది. నీళ్లు నిండుతున్న ఇనుప పెట్టెలో కూర్చుని, కళ్ల నీళ్లు కారేదాకా నవ్వింది. నవ్వుతూనే రెండు తూట్ల మీద రెండు మడమలు అదిమిపెట్టి, మిగతా రెంటి మీద నన్ను పెట్టమంది. వెనక్కి దూకి పెట్టాను. నీళ్లు రావడం ఆగింది. మునుగుతున్నారా అని చిన్నప్పన్ పరిసల్ దగ్గరికి తెస్తూ కేకేశాడు. లేదు, చల్లగా ఉందని కాళ్లు చాపుకున్నామని మా అక్క తమిళంలో బదులిచ్చింది. బావ బండిని వచ్చిన ఒడ్డు వైపు తిప్పబోయాడు.

"ఏమిటికి తిప్పుతావు మామా?" అంది మా అక్క. "ఆ గట్టుకు పోనీ."

పోనిచ్చాడు. మిగతా చెరువంతా మేమిద్దరం కదలకుండా తూట్లు తొక్కిపట్టి కూర్చున్నాం. నా పిక్కలు పట్టేశాయి, అయినా ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. చక్రాలకు నేల తగిలింది. బండి బురదను గీరుకుంటూ, ముక్కు ఎత్తి, గట్టెక్కింది. మంటపం దగ్గర చేరిన జనం చప్పట్లు కొడుతుంటే మా అక్క మడమలు తీసింది. నేనూ తీశాను. లోపలి నీళ్లన్నీ నాలుగు మూలల నుంచీ నాలుగు ధారలుగా కిందికి కారిపోయాయి.

మా బావ దిగి, వంగి, బండి కిందికి చూశాడు. సిగ్గుపడాల్సిన మనిషి, అలవాటు కొద్దీ మురిసిపోయాడు.

"సూడు గౌరమ్మా, లోపల ఒక్క సుక్క నిలవలేదు."

గుణశేఖరన్ పరుగున వచ్చాడు. అతనికి కారుతున్న నీళ్ల సంగతి పట్టలేదు. పెళ్లికి బండి వస్తుందా అని అడిగాడు. మా బావ ఎప్పుడూ అనే భేషుగ్గా అనలేదు. మా అక్క వైపు చూశాడు. తేలిందని చెప్పాలో మునిగిందని చెప్పాలో ఆమే చెప్పాలి. మా అక్క మోకాళ్ల దాకా తడిసిన చీర పిండుకుంటూ తలెత్తింది.

"రేపు ఈ తూట్లకు మర బిరడాలు చేసి బిగించు మామా. కోసే మాట నేను మల్లా ఎత్తను. పెండ్లికూతురి పక్కన నేనే కూసుంటా."

బావ పెళ్లికొడుకు వైపు తిరిగాడు. అందరి ముందూ ఏడుస్తున్నాడు. బండి వస్తుందని నేనే చెప్పాను.