జానెడు ఎత్తున వెలుతురు

చిట్టెమ్మ మట్టి ముట్టుకుని ఆరేళ్ళయింది. కడియం నర్సరీల్లో పదకొండేళ్ళు నారు పోసిన మనిషి, అరబ్బు దేశపు ఖోర్ ఫక్కాన్‌లో కొండ కింద విల్లాలో గిన్నెలు తోముతూ, ఉల్లిపాయలు తరుగుతూ కాలం గడిపేసిందంటే నమ్ముతారా? కళ్ళు మూసుకుంటే చాలు, తడిసిన కొబ్బరిపొట్టు వాసన ముక్కుకి తగిలేది. తెరిస్తే సబ్బు వాసన.

ఇంటావిడ ఫైజా. అక్కడి పనివాళ్ళందరి లాగే చిట్టెమ్మా ఆవిడని మామా అనేది, అమ్మా అన్నట్టు. 2023 ఆగస్టులో ఫైజా చలికాలానికి బంతిమొక్కలు కావాలని ఎవరికో ఫోన్ చేస్తుంటే, చిట్టెమ్మ గరిటె పక్కన పడేసి వంటింట్లోంచి వచ్చేసింది.

"కొనకండి మామా. నాకొక గది ఇవ్వండి, నారు నేను పోస్తాను," అంది వచ్చీరాని హిందీలో.

ఫైజా నవ్వేసింది. "ఈ ఎండల్లోనా? సరే, సామాన్ల గది తీసుకో. అక్టోబరుకి ముంగిలి నిండా మొక్కలుంటే తోట నీది, వంటకి ఇంకొకరిని పెట్టుకుంటా. లేదంటే ఖలాస్, మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు."

ఆ చివరి మాట చిట్టెమ్మ గుండెల్లో ముల్లులా దిగింది.

గదికి కిటికీ లేదు. లైట్ల కోసం బజారుకి వెళ్తే, కొట్లో షఫీ అనే రాయచోటి మనిషి ఊదారంగు లైటు వెలిగించి చూపించాడు. "మొక్కలకని అందరూ ఇదే తీసకపోతాండారమ్మా."

చిట్టెమ్మ సంచిలోంచి కొత్తిమీర కట్ట తీసి దాని కింద పట్టుకుంది. ఆకు నల్లగా కనపడింది.

"ఇదేటండీ బాబూ! ఆకు పచ్చగుందో, పసుపు తిరిగిందో ఇందులో నాకెలా తెలుస్తాది? ఆకు మొహం చూడకుండా నారు పెంచుతారేటండీ ఎక్కడైనా?"

షఫీ ఊదా లైటు ఆర్పేశాడు. తెల్లటి ట్యూబులైట్లు రెండు ఇచ్చాడు.

డ్రైవరు మీరా హుస్సేన్ నిచ్చెన వేసి వాటిని గొలుసులతో వేలాడదీస్తుంటే, "ఇంకా పైకి, ఇంకా పైకి" అంటూ కప్పుకి ఆనించేసింది మహాతల్లి. చాలక, లేత మొలకలకి వడ తగులుతుందని పల్చటి ఓణీ ఒకటి అడ్డం కట్టింది. కడియం బుద్ధి మరి! అక్కడ నీడ కోసం ముందు షేడ్‌నెట్ కట్టాకే విత్తనం చల్లుతారు.

ట్రేల్లో బంతి విత్తనం చల్లిన వారానికి మొలకలు లేచాయి. రెండో వారానికి దారాల్లా సాగి, వెలుతురు కోసం వెతుక్కుని వెతుక్కుని, నడుములు వాలిపోయి పడుకున్నాయి. ఒక్కటీ మిగల్లేదు. చిట్టెమ్మ ఆ ట్రేల ముందు కూలబడి కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. పొట్లంలో సగం విత్తనాలే మిగిలాయి. సెప్టెంబరు వచ్చేసింది.

మర్నాడు మధ్యాహ్నం నిచ్చెనెక్కి, ఓణీ విప్పేసి, ట్యూబుకి జానెడు దూరంలో అరచెయ్యి పెట్టి చూసింది. గోరువెచ్చగా కూడా లేదు.

"ఓసి నా బుద్ధి బుగ్గికానూ! సూరీడికి భయపడ్డట్టు ట్యూబులైటుకి భయపడ్డానా!"

మిగిలిన విత్తనాలు చల్లి, గొలుసులు దింపింది. ఈసారి ట్రేకి సరిగ్గా జానెడు ఎత్తు. మొక్క ఎదిగిన కొద్దీ లైటుని అంతంతే లేపుతూ వచ్చింది. తెల్లవారుజామున నమాజు పిలుపు వినగానే వెలిగించేది, రాత్రి గిన్నెలు కడిగాక ఆర్పేది. మొక్కకీ నిద్రుండాలి కదా.

ఇక ఆ మధ్యాహ్నాలు! బయట కొండలు ఎండకి తెల్లగా మాడిపోతుంటే, గదిలో మాత్రం ఎప్పుడూ ఎండ ముదరని పొద్దుటిపూటే. ఏసీ గాలికి మొలకలు తలలూపేవి. పనయ్యాక చిట్టెమ్మ చాప పరుచుకుని వాటి పక్కనే ఒరిగేది. కళ్ళు మూతపడీ పడకముందే గోడలు పక్కకి తప్పుకునేవి. నారుమడులు కాలవ గట్టుదాకా సాగేవి, వంగి పనిచేస్తున్న ఆడవాళ్ళెవరో నవ్వుకునేవాళ్ళు, తడి మట్టి పాదాలకి చల్లగా తగిలేది. మెలకువొచ్చాక తాను ఏ దేశంలో ఉందో కాసేపు తెలిసేది కాదు. తెలుసుకోవాలన్న తొందరా ఉండేది కాదు.

బంతినారు పొట్టిగా, కాడ మందంగా, ముదురాకుపచ్చగా లేచింది. అక్టోబరు మొదట్లో వాటిని మెల్లమెల్లగా వరండా నీడకీ, తర్వాత ఎండకీ అలవాటు చేసింది. ఫైజా వచ్చి కాడలు నొక్కి చూసేది. చూసి లోపలికి వెళ్ళిపోయేది. ఆవిడ వెళ్ళాక చిట్టెమ్మ అవే కాడల్ని మళ్ళీ నొక్కి చూసుకునేది.

ఆ నెలాఖరున ఒక సాయంత్రం చిట్టెమ్మ ముంగిట్లో ఆఖరి ట్రే నాటుతుండగా ఫైజా ఆడబిడ్డ వచ్చింది. కుర్చీలో కూర్చుంటూనే మడివైపు చెయ్యూపి, "యల్లా, త్వరగా చాయ్ తీసుకురా!" అంది అరబ్బీలో.

ఆరేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? చిట్టెమ్మ లేచి, చేతులు దులుపుకుని వంటింటి వైపు నడిచింది. ఫైజా దారికి అడ్డం వచ్చి భుజం మీద చెయ్యేసి ఆపింది.

"ఈమె వంటమనిషి కాదు," అంది ఆడబిడ్డతో. "మా తోట ఈమెదే. చాయ్ నేను పెట్టుకొస్తా."

అని నిజంగానే లోపలికి వెళ్ళిపోయింది.

చిట్టెమ్మ వెనక్కొచ్చి మడిలో కూర్చుంది. కన్నీళ్ళకి గుంటేదో మొక్కేదో కనపడలేదు. తడుముకుంటూనే నాటింది.