తేరో కురిపించిన మంచు

యార్క్కో చేత మాట్లాడించడం కన్నా గడ్డకట్టిన సరస్సుకు కన్నం పెట్టి చేప పట్టడం తేలిక అంటారు వర్కౌస్ ఊళ్లో. పగలు కాగితం మిల్లులో కంప్యూటర్లు బాగుచేస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి, బూట్లు విప్పి, కాఫీ పెట్టుకుని 'కర్మి' ముందు కూర్చుంటాడు. పాతికేళ్లకు పైగా ఇదే వరస. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగిన వాళ్లకు, ఈ ఒక్క సంసారం చాలదా అని దాన్నే చూపిస్తాడు.

కర్మి అంటే వాళ్ల భాషలో కిటికీ చట్రం. అతనూ స్నేహితుడు తేరో కలిసి కుర్రతనంలో రాసి, ఎవరైనా ఊరికే వాడుకోండి, తప్పులుంటే దిద్దండి అని లోకం మీదికి వదిలేసిన సాఫ్ట్‌వేర్ లైబ్రరీ అది, ఇతరులు తమ ప్రోగ్రాముల్లో కలుపుకునే రెడీమేడ్ కోడు. విండోస్, మాక్, లైనక్స్, ఏ కంప్యూటరైనా సరే, తెర మీద ఒక విండో తెరుస్తుంది. ఏ కీ నొక్కారో, ఏది వదిలారో ప్రోగ్రాముకు కబురు చేరవేస్తుంది. బొమ్మ మాత్రం ఎవరిది వాళ్లే గీసుకోవాలి. బొమ్మ బాగుంటే బొమ్మనే మెచ్చుకుంటారు, బిగుసుకుపోతే మాత్రం చట్రాన్ని తిడతారు. ఇన్నేళ్లూ ఆ తిట్లన్నీ యార్క్కో ఒక్కడే తిన్నాడు.

ఆ రోజులే వేరు. వేసవిలో ఐస్ హాకీ హాల్లో మంచు తీసేసి బల్లలు వేసేవారు. కుర్రకారంతా డబ్బాల్లాంటి కంప్యూటర్లు మోసుకొచ్చి, బల్లల కిందే పడుకుంటూ, తాము రాసిన బొమ్మల ప్రోగ్రాములను పెద్ద తెర మీద పోటీకి పెట్టేవారు. తేరో పెట్టింది మంచు. స్పేస్‌బార్ నొక్కి పట్టుకున్నంతసేపూ తెరంతా మంచు కురుస్తుంది, వదిలితే ఆగుతుంది. తన వంతు రాగానే తేరో నొక్కాడు. నొక్కినవాడు ఊరుకోక, కంగారులో పక్క విండోకు మారిపోయి, ఆ తర్వాత వేలు తీశాడు. వేలు తీసిన కబురు ఆ పక్క విండోకే పోయింది. మంచు విండో పాపం, ఇంకా నొక్కే ఉన్నాడనుకుంది. కురుస్తూనే ఉంది. తేరో రెండు చేతులూ పైకెత్తి చూపించి, ఇదంతా తన ఘనతే అన్నట్టు తాపీగా కాఫీకి నడిచాడు. హాలు ఈలలతో దద్దరిల్లింది. బహుమతి రాలేదు గానీ రైల్లో ఇల్లు చేరేదాకా ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. అంత నవ్వు యార్క్కో మళ్లీ నవ్వలేదు.

తర్వాత కొన్నేళ్లకు తేరో జబ్బుచేసి పోయాడు. అప్పటినుంచి కర్మి కొత్త కూర్పు వచ్చినప్పుడల్లా ఒక ఆచారం. తేరో భార్య మెర్యా యాలకుల బన్నులు చేసుకొస్తుంది. యార్క్కో కొత్త కర్మితో మంచు ప్రోగ్రాము తెరుస్తాడు. స్పేస్‌బార్ నొక్కి, పక్క విండోకు మారి, వేలు తీస్తాడు. మంచు కురుస్తుంటే ఇద్దరూ కాఫీ తాగుతారు. తాగినంతసేపూ తేరో లేచి కాఫీకి వెళ్లినట్టే ఉండేది, ఇప్పుడో అప్పుడో వచ్చేస్తాడన్నట్టు.

దీనికి లిస్బన్ నుంచి ఫిలిపా అనే అమ్మాయి అడ్డొచ్చింది. ఆమె కర్మితో ఒక ఆట తయారుచేసింది. ఆడేవాళ్లు మధ్యలో వేరే విండోకు వెళ్లొస్తే, ఆటలో మనిషి గోడను గుద్దుకుంటూ నడుస్తూనే ఉంటున్నాడట. విండో మారగానే నొక్కి ఉన్న కీలన్నీ వదిలేసినట్టు లెక్క వేయాలని నాలుగు వరుసలు రాసి పంపింది. వంక పెట్టలేని దిద్దుబాటు. యార్క్కో కాదన్నాడు. పాత ప్రోగ్రాములు పాడవుతాయన్నాడు. ఆమె మళ్లీ పంపింది, మళ్లీ కాదన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు మరి. చివరికి ఆమె, "పాడయ్యే ప్రోగ్రాము ఒక్కదాని పేరు చెప్పండి, ఇంకెప్పుడూ అడగను" అని రాసింది. ఉన్నది ఒక్కటే పేరు. ఆ పేరు రాయడానికి అతనికి చేతులు రాలేదు.

కొత్త కూర్పు రోజు వచ్చింది. మెర్యా ఎదురుగా కూర్చుంటే, కప్పు అటూ ఇటూ తిప్పి తిప్పి, ఎట్టకేలకు ఫిలిపా పంపిన దిద్దుబాటు విషయం చెప్పాడు.

"అది కలిపితే మంచు ఆగిపోతుంది మెర్యా. వాడిది మిగిలిందల్లా అదొక్కటే."

మెర్యా బన్ను తుంచుతూ వింది.

"ఎక్కడెక్కడి ఆటల్లోనో మనుషులు మా ఆయన కోసం గోడలు గుద్దుకుంటూ ఉండాలా?" అంది. "ఆయనే ఉంటే నిన్ను చీవాట్లు పెట్టేవాడు. కలుపు."

కలిపాడు. మంచు ప్రోగ్రాము తెరిచాడు. స్పేస్‌బార్ నొక్కి పక్క విండోకు మారాడో లేదో, మంచు ఆగింది. నల్లటి తెర మిగిలింది. స్నేహితుడు పోయిన నాడు కూడా పైకి ఏడవని మనిషికి ఇప్పుడు ఏడుపొచ్చింది. దాచుకోవాలని కూడా చూడలేదు.

మెర్యా కుర్చీ దగ్గరికి లాక్కుంది. మంచు విండోకు మారి, స్పేస్‌బార్ మీద వేలు పెట్టి నొక్కింది. మళ్లీ కురవడం మొదలైంది. ఆమె వేలు తీయలేదు.

"నువ్వు కాఫీ తాగవయ్యా, చల్లారిపోతోంది," అంది. "తాగాక నీ వంతు."