తినడానికి పనికిరాని నూనె

అమరచింత ఊరు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దారిలో అక్కడ నేను ఆగిన చిన్న గుడికి ఒక్క కిటికీ కూడా లేదు. లోపలంతా నల్లటి పొగ. పూజారి దగ్గుతూనే మంత్రాలు చదువుతున్నాడు. నా పక్కనున్న రైతు మహిళ దీపారాధన నూనె ప్యాకెట్ చింపి ప్రమిదలో పోసింది. ప్యాకెట్ మీద ‘తినడానికి పనికిరాదు’ అని రాసి ఉంది.

“పల్లీలు పండే ఊళ్లో దేవుడికి ఈ నూనెనా అమ్మా?” అని గట్టిగానే అడిగాను.

“పల్లినూనె ఇంట్ల కూరలకు సార్. గిది దీపానికే గదా! దేవుడేమన్న తింటడా?” అంది.

పూజారి మంత్రం ఆపి కళ్లు తుడుచుకున్నాడు.

“దేవుడు తినడమ్మా. పొద్దుగాల నుంచి మాపటిదాంక దీని పొగ పీల్చేది నేను.”

ఆమె మీద అరవబోయి ఆగిపోయాను. గుడి ముందు కొట్లో చదవకుండా కొన్న నూనె ప్యాకెట్ నా చేతిలో ఉంది. దాని మీదా అదే మాట.