కోట వీధిలో కిర్రుమన్న పలక

ఆ రోజుల్లో నాకు రెండే భయాలు: ఒకటి పాత ఇల్లు, రెండోది దాని మెట్లు. అలాంటి పిల్లకు దొరికిన మొదటి ఉద్యోగం ఏమిటంటే, గద్వాల కోట చుట్టుపక్కల పాత ఇళ్లన్నీ ఎక్కి దిగి ఏది నిలుస్తుందో, ఏది కూలుతుందో రాయడం. చేతిలో డిప్లొమా, గుండెలో దడ. (అమ్మ మాత్రం "మా పిల్ల ఇంజనీరు" అని వీధంతా చెప్పుకునేది.) మెడలో టేపు లేనిదే కనిపించని మా పై అధికారిని టేపు సారు అనేవాళ్లం. ఆయన సూత్రం ఒక్కటే: "నడుస్తుంటే చప్పుడైతే శిథిలమని రాసెయ్యమ్మా. రేపు మన మీదికి మాట రావద్దు." అలా రాస్తే ఆ ఇంటికి కూల్చివేత నోటీసు ఖాయం.

ఒక ఉదయం చెక్కడపు స్తంభాల ఇల్లొకటి నా వంతుకొచ్చింది. అందులో ఒక అవ్వ ఒంటరిగా ఉండేది. ముందుకు ఒరిగిన బాల్కనీని చూసి, గడప దాటకముందే "శిథిలం" అని రాసేశాను. కొలతలు తీసుకోక తప్పదు కాబట్టి పైకెక్కాను. పైన నేలంతా చెక్క పలకలే. మూడో అడుగు వేశానో లేదో, కాలి కింద పలక దూడ అరిచినట్టు కిర్రుమంది. నేను అక్కడే బిగుసుకుపోయాను. ముందుకు వేస్తే కూలుతుంది, వెనక్కి వేసినా కూలుతుంది. కింద అవ్వ. కనీసం బరువైనా తగ్గిద్దామని చెప్పులు, సంచి, టిఫిను డబ్బా ఒక్కొక్కటే ఎదురుగా ఉన్న బాల్కనీ మీదుగా వాకిట్లోకి విసిరాను. (నవ్వకండి, అప్పుడది శాస్త్రీయంగానే తోచింది.)

కింద వాకిట్లో కేక: "వామ్మో, కోతులొచ్చినయ్!" మరుక్షణం కట్టె పట్టుకుని అవ్వ మెట్ల మీద ప్రత్యక్షం.

"రాకవ్వా! ఇల్లు కూలుతది!" అని ఏడుపు గొంతుతో అరిచాను.

అవ్వ నన్ను ఎగాదిగా చూసి, వచ్చి అదే పలక మీద రెండుసార్లు గట్టిగా తొక్కింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఇద్దరం పైనే ఉన్నాం.

"అది గట్లనే ఒర్లుతది బిడ్డా. దొంగలొస్తే తెల్వాలెనని మా మామ కావాలని వదులుగ పెట్టిచ్చిండు. తక్కినవి ఏనుగెక్కినా కదలవు." ఆ తర్వాత నా చేతిలో కాగితం వైపు చూసింది. "ఏం రాసినవ్ మా ఇంటి సంగతి? నాకు సదువు రాదు, జర సదివి చెప్పు."

అసలు భయం అప్పుడు తెలిసింది. కాగితం మడిచి వీపు వెనక దాచుకున్నాను.

"ఇంక రాయలేదవ్వా."

"మంచిగ సూసి రాయి. నాకు ఇంకో ఇల్లు లేదు."

ఆ పూటంతా మోకాళ్ల మీద పాకుతూ ప్రతి దూలాన్నీ తట్టి, గుచ్చి చూశాను. బాల్కనీకి రెండు ఆసరాలు చాలు, ఇల్లు గట్టిది. "శిథిలం" కొట్టేసి ఆ మాటే రాశాను.

"చప్పుడు రాలేదా?" అన్నారు టేపు సారు.

"వచ్చింది సార్. రావాలనే పెట్టిన్రు."

నమ్మక, మర్నాడు తనే వచ్చారు. పలక కిర్రుమనగానే గోడను కౌగిలించుకున్నారు. అవ్వ పడీపడీ నవ్వింది. సారు అక్కడికక్కడే నా కాగితం మీద సంతకం పెట్టారు.

ఇప్పుడు నా కింద ముగ్గురు కొత్తవాళ్లు పనిచేస్తున్నారు. వీధిలోంచే రాసేసి జారుకోవాలని చూసేవాళ్లను కోప్పడబోయి ఆగిపోతాను. ఆ వయసులో నాది దుర్మార్గం కాదు, వట్టి భయం. ఆ భయానికి ఒక ముసలమ్మ ఇల్లు పోయేది కదా అని ఒళ్లు జలదరిస్తుంది, వెంటనే నవ్వూ వస్తుంది. "పదండి, ముందు నేనెక్కుతా" అంటాను. నాకు ధైర్యం ఎక్కువనుకుంటారు పాపం. గోడ పట్టుకునే ఎక్కుతానని వాళ్లకింకా తెలియదు.