రుమాలేసిన సీటు

కాశీబుగ్గలో నేనూ మా బావా కలిసి జీడిపప్పు ఫ్యాక్టరీ నడుపుతున్నాం. ఈమధ్య కొత్త మిషన్లు చూడటానికి వియత్నాం వెళ్లాం. ఒకరోజు పనిలేక, సందడి లేని ఒక పేటంతా తిరిగి, చిన్న సినిమా హాలు కనిపిస్తే టిక్కెట్లు తీశాం. లోపల ఇంకా ఎవరూ రాలేదు. బావ నడిమి వరసలో రెండు సీట్ల మీద తనదీ నాదీ రుమాళ్లు వేసి, కాఫీకి పదమన్నాడు.

తిరిగి వచ్చేసరికి ఆ సీట్లలో ఓ ముసలి దంపతులు కూర్చున్నారు.

"రుమాలేసిన సీట్లో కూకుండిపోతారేటి? లెగమని సెప్పు," అని బావ గొంతు పెంచాడు. హాలంతా మావైపు తిరిగింది. పోలీసుల్ని పిలుస్తారేమోనని నేను బావ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను.

పెద్దాయన నెమ్మదిగా టిక్కెట్టు చూపించాడు. దానిమీద సీటు నంబరుంది. మావి చూసుకుంటే చిట్టచివరి వరస. ఇంతలో ఆవిడ లేచి, రుమాళ్లు మడతపెట్టి బావ చేతిలో ఉంచి, తల వంచి నవ్వింది. తమ బట్టలు మాయకుండా మేమే పరిచామనుకున్నట్టుంది.

వెనక వరసలో కూలబడి బావ, "అంత మర్యాద సేత్తే ఇంకేటి దెబ్బలాడతాం," అన్నాడు.

పలాసలో బస్సు కిటికీలోంచి నేనిప్పటికీ రుమాలు వేస్తూనే ఉన్నాను. కాకపోతే దానిమీద ఏ పెద్దావిడైనా కూర్చుంటే, టెక్కలి దాకా నిలబడే వెళ్తున్నాను.