డిస్ట్రిబ్యూటర్ విప్పింది నేనే

ఆ జీపు నాది. ఆర్‌సీలో నా పేరుంది. చీడికాడ వైపున్న మా హైస్కూలుకి రోజూ దాన్ని నడుపుకుంటూ వెళ్లి, పదో తరగతికి సైన్సు చెప్పి వచ్చేది నేను. ఇంత విడమరిచి ఎందుకు చెబుతున్నానంటే, చోడవరంలో ఆ జీపు గురించి ఏం మాట్లాడాలన్నా అందరూ మా ఆయనతోనే మాట్లాడతారు. మా ఆయనకి జీపు నడపడం రాదు. ఆయనది స్కూటరు.

పాతకాలం పెట్రోలు జీపు అది. వానలకి కొండ వైపు రోడ్డు కొట్టుకుపోయినప్పుడు కూడా నన్ను స్కూలు గేటు దగ్గర దింపిన బండి. అలాంటిది కిందటేడు నుంచి సతాయించడం మొదలుపెట్టింది. పొద్దున్న బాగానే స్టార్టయ్యేది. ఇంజను వేడెక్కాక ఎత్తు వస్తే దగ్గేది, ఆగి ఆగి లాగేది, సైలెన్సర్లోంచి ఢామ్మని పేలేది. చెరకు ఆడే రోజుల్లో ఒకసారి గోవాడ చక్కెర ఫ్యాక్టరీ దగ్గర ట్రాక్టర్ల వరస మధ్య నిలిచిపోయింది. వెనక ఒకటే హారన్లు. ఒక డ్రైవరు దిగివచ్చి, బానెట్ ఎత్తి చూస్తున్న నన్ను పక్కకి జరగమని, సారు రాలేదా అని అడిగాడు. సారు వస్తే ఏం చేస్తారో నాకు తెలుసు. నా పక్కన నిలబడి ఆటో కోసం చూస్తారు.

మా మెకానిక్ ఆ ఏడాదంతా కార్బురేటర్ విప్పాడు, పెట్రోలు పంపు మార్చాడు, ప్లగ్గులు మార్చాడు, ట్యాంకు కడిగాడు. ప్రతిసారీ బండి రెండు రోజులు బాగుండి మళ్లీ మొదటికొచ్చేది. నా అనుమానం డిస్ట్రిబ్యూటర్ మీద. ఏ సిలిండర్‌కి ఎప్పుడు నిప్పురవ్వ అందాలో చూసి పంచేది అదే. లోపల షాఫ్టు తిరుగుతుంటే రెండు చిన్న పాయింట్లు తెరుచుకుని మూసుకుంటూ ఉంటాయి. షాఫ్టు ఊగితే ఆ సందు ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది, రవ్వ వేళ తప్పుతుంది. ఏళ్ల తరబడి పిల్లలకి కరెంటు పాఠాలు చెబుతున్నదాన్ని, ఆ మాత్రం తెలియదా నాకు? అది ఒకసారి చూడమని మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ అతను మా ఆయన వైపు తిరిగి జవాబిచ్చాడు.

"డిస్ట్రిబ్యూటర్ బెమ్మాండంగా ఉంది బాబూ. ఇంజనుకే వయసైపోనాది."

ఆ తర్వాత ఇద్దరూ కలిసి తీర్మానం చేసేశారు. పెట్రోలు ఇంజను పీకేసి, అతని షెడ్డులో పడున్న డీజిల్ ఇంజను ఎక్కిస్తారు. ఆదివారం పొద్దున్న ఇంజను గొలుసుతో పైకెత్తే చైన్‌బ్లాకు పట్టుకుని ఇంటికే వస్తాడు. ఈ సంగతి మా ఆయన అన్నం తింటూ, పెరుగు వేయమన్నంత మామూలుగా చెప్పారు. బండి ఎవరిదని అడిగాను. నీదేలే, ఎవరు కాదన్నారు అన్నారు. పెరుగు గిన్నె ఆయన ముందు పెట్టి, వేసుకోండి అని లేచి వచ్చేశాను. ఆ ఇంజను గొంతు నాకు తెలుసు. ఏ ఎత్తులో ఏ గేరు అడుగుతుందో తెలుసు. బాగున్న గుండె తీసి పారేస్తామంటుంటే చూస్తూ ఊరుకోనా?

గురువారం సెలవు పెట్టాను. డిస్ట్రిబ్యూటర్ ఎటు తిరిగి కూర్చుందో మర్చిపోకుండా దాని ఒంటి మీదా ఇంజను మీదా గోళ్లరంగుతో గీతలు పెట్టుకుని బయటికి తీశాను. పైన చక్రంలా తిరిగే షాఫ్టు తల పట్టుకుని కదిపితే ఊడబోయే పన్నులా ఊగింది. కింద పిన్ను కొట్టి షాఫ్టు లాగాను. దాన్ని నిలబెట్టి ఉంచే బుష్ అరిగిపోయింది. అరిగిన బుష్ కదలకుండా చుట్టూ ఒక కూల్‌డ్రింకు డబ్బా రేకు ముక్క కత్తిరించి దోపి ఉంది.

నేను కొన్నప్పటి నుంచీ ఈ బండి మీద ఇంకో మెకానిక్ చెయ్యి పడలేదు. అంటే అతను ఎప్పుడో విప్పాడు, చూశాడు, రోగం ఎక్కడుందో తెలుసుకున్నాడు, రేకు ముక్క పెట్టి మూసేశాడు. మూసేసి, నేను అడిగిన ప్రతిసారీ బెమ్మాండంగా ఉందన్నాడు. ఒళ్లు మండిపోయింది. ఆ రేకు ముక్క అతని మొహాన కొట్టాలని తీసి దాచాను.

శుక్రవారం స్కూలు నుంచి బస్సులో అటే అనకాపల్లి వెళ్లి, షాఫ్టూ అరిగిన బుష్షూ లేత్ పని చేసే ముసలాయన ముందు పెట్టాను. వేళ్లతో తిప్పి చూశాడు. షాఫ్టు మంచిదేనమ్మా, బుష్షే పోనాది, ఎంత బిగువుగా కావాలి అని నన్నే అడిగాడు. నా వెనక మగవాడు ఎవరైనా ఉన్నారేమోనని చూడలేదు. ఆ వారంలో నాతో మాట్లాడిన మనిషి అతనొక్కడే. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దానికీ కోపమే వచ్చింది. మామూలు మర్యాదకి ఏడవాల్సి రావడమేమిటి?

శనివారం స్కూలు కాగానే వచ్చి, కొత్త బుష్, కొత్త పాయింట్లు, కండెన్సరు, కొత్త క్యాపు బిగించాను. పాయింట్ల సందు గేజితో కొలిచాను. ఇండికేటర్ బల్బుకి రెండు తీగలు కట్టి, పాయింట్లు విడిపోయే చోట అది వెలిగేదాకా డిస్ట్రిబ్యూటర్‌ని వెంట్రుక వాసి తిప్పాను. మా ఆయన రెండుసార్లు వరండాలోకి వచ్చారు. మళ్లీ బిగించడం వచ్చా అని ఒకసారి, టీ పెట్టవా అని ఒకసారి. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. గంటసేపు ఆపకుండా ఉంచాను. వడ్డాది వైపు వెళ్లి వచ్చాను. ఒక్కసారి దగ్గలేదు.

ఆదివారం మెకానిక్ ట్రాలీ ఆటోలో డీజిల్ ఇంజనూ చైన్‌బ్లాకూ వేసుకుని దిగాడు. వాకిట్లో జీపు ఇంజను ఆన్‌లోనే ఉంది. అతను చెవి ఒగ్గి విన్నాడు. బానెట్ ఎత్తి చూశాడు. కొత్త క్యాపు చూశాడు. మొహం మాడిపోయింది. తిరిగి మా ఆయన్ని అడిగాడు.

"ఎవులు సేసేరు బాబూ?"

రేకు ముక్క నా గుప్పిట్లోనే ఉంది. నేనని చెప్పి దాన్ని అతని ముందు పారేయాలి. మూడు రోజుల నుంచి దానికోసమే కాచుకున్నాను. కానీ నేనే అని చెబితే ఏమవుతుందో ఆ క్షణంలో కళ్లకి కట్టింది. ఆడోళ్లు చేసింది రెండు రోజులకి మళ్లీ మొదటికొస్తుందంటాడు. మా ఆయన తలూపుతారు. మధ్యాహ్నానికి నా ఇంజను గొలుసుకి వేలాడుతుంది.

"సారే చేశారు," అన్నాను.

అంతే. ఏడాది పాటు నేను చెప్పిన నిజానికి కదలనివాడు ఒక్క అబద్ధానికి కదిలాడు. సారు చేసేరంటే ఇంకేటుందని నవ్వుతూ చైన్‌బ్లాకు మళ్లీ ఆటోలో పడేశాడు. మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ చేతికి చిన్న గ్రీజు మరక కూడా లేదు. నా గోళ్ల నిండా నలుపే. అతనికి కళ్లు లేవా? మా ఆయన నా వైపు ఒకసారి చూసి, ఏదో, తోచినట్టు చేశానన్నారు.

ఇంజను దక్కింది. నా మీద నాకు వచ్చిన కోపం మాత్రం ఇవాళ్టికీ దిగలేదు. మెకానిక్ మోసగాడే, మా ఆయన సంగతి నాకు తెలిసిందే, కానీ ఆ మాట అన్నది నా నోరు. తరవాత ఆ నోటిని దిద్దుకుందామనే చూశాను. నాలుగు రోజులకి మా బావగారు ఊర్నుంచి ఫోన్ చేశారు. కబురు ఆయనదాకా వెళ్లింది. షాఫ్టు ఎలా లాగిందీ, బుష్ ఎలా కొట్టిందీ మా ఆయన అన్నగారికి వివరంగా చెబుతున్నారు. నేను వెళ్లి ఫోన్ లాక్కున్నాను. విప్పింది నేను, బిగించింది నేను, మీ తమ్ముడు వరండాలో ఉన్నారని చెప్పాను. బావగారు పగలబడి నవ్వారు.

"నువ్వు భలేదానివమ్మా. సర్లే గాని, మా ట్రాక్టరు కూడా లాగట్నేదు. ఆ డిస్ట్రిబ్యూటర్ ఏటో ఓపాలి సూసెల్లమని తమ్ముడితో సెప్పు."

ట్రాక్టరుది డీజిల్ ఇంజను. దానికి డిస్ట్రిబ్యూటరే ఉండదు.

"అలాగే బావగారూ, తప్పకుండా పంపిస్తాను," అన్నాను. ఆదివారం పొద్దున్నే మా ఆయన చేతికి పానాల సంచి ఇచ్చి బస్సెక్కించాను. నేను వెళ్లలేదు.